బావి నీరు: పాపమా, ఋణమా?

ఈ దీపావళి సంచిక మీ చేతికి అందే వేళకు ఇళ్ళలో నువ్వుల నూనె, సున్నిపిండి సిద్ధమవుతూ ఉంటాయి. నరక చతుర్దశి తెల్లవారుజామున నూనెలో లక్ష్మీదేవి, నీటిలో గంగాదేవి నివసిస్తారని మన పెద్దలు చెప్పారు. గోదావరి ఒడ్డున ఉన్నా, కౌలాలంపూర్ అపార్టుమెంటులో ఉన్నా ఆ ఉదయం మన నెత్తిన పడేది గంగే. ఈ నమ్మకంలో ఒక గొప్ప మర్యాద ఉంది. గంగ ఎక్కడో హిమాలయాలలోనే లేదు, మనం రోజూ వాడుకొనే నీటిలోనే ఉంది అని చెప్పటం అది. అయితే ఆ మర్యాద వెంట ఒక ప్రశ్న కూడా వస్తుంది. మన వాడుక నీరే గంగ అయినప్పుడు, ఆ నీరు చెడిపోతే ఆ దోషం ఎవరిది?

నది చెడిపోతే కంటికి కనిపిస్తుంది. నురగ వస్తుంది, రంగు మారుతుంది, ముక్కు మూసుకోవలసి వస్తుంది. భూగర్భ జలం సంగతి అలా కాదు. బావి నీరు అద్దంలా తేటగా ఉంటుంది, నోటికి తియ్యగా ఉంటుంది, అయినా అందులో ఉండకూడనిది ఉండవచ్చు. అది కంటితో, నాలుకతో తేలేది కాదు. సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపితేనే తెలుస్తుంది. అందుకే ఈ విషయంలో విశ్వవిద్యాలయాల పరిశోధన మనకు రెండో కన్ను వంటిది.

ముందు మనం ఉంటున్న దేశం సంగతి చూద్దాం. మలేషియాలో తాగునీరు నూటికి 90 పాళ్ళకు పైగా నదులనుండి, జలాశయాలనుండి వస్తుంది. కెలంతాన్ రాష్ట్రం మాత్రం వేరు. కోట బారు చుట్టుపక్కల కెలంతాన్ నది తెచ్చి పోసిన ఇసుక పొరలలో నీరు నిలువ ఉంది. దేశంలో మరే రాష్ట్రం కన్నా ఎక్కువగా కెలంతాన్ ప్రజలు ఈ నేల నీటిమీదే బతుకుతున్నారు. ప్రభుత్వ సరఫరాకు కూడా బావులే ఒక ముఖ్యమైన ఆధారం. కుళాయి నీటిలో ఇనుము ఎక్కువై బట్టలకు మరకలు పడుతున్నాయని ఇంటి వెనుక సొంత బావి ఉంచుకొన్న కుటుంబాలు అనేకం.

ఈ ఉత్తర కెలంతాన్ బావులలో నైట్రేటు ఎంత ఉందో 1989 నుండి 2014 వరకు, అంటే 25 ఏళ్ళ లెక్కలను ఒకచోట చేర్చి, పుత్ర మలేషియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, వారితో కలిసి పనిచేసినవారు 2017లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేటు నత్రజని అన్నది తాగునీటికి ఈ దేశం పెట్టుకొన్న హద్దు. ఆ హద్దు దాటిన నేల 1989లో ఆ ప్రాంతం మొత్తంలో ఒక్క శాతం. 2014 నాటికి 48 శాతం. సాగు భూముల బావులలో ఏటా సుమారు 8 శాతం, ఇళ్ళ మధ్య బావులలో ఏటా సుమారు 4 శాతం చొప్పున నైట్రేటు పెరుగుతూ వచ్చింది. పెరుగుదల కనిపించింది పైపొర నీటిలోనే. ఇంటి బావి తోడేది ఆ పైపొర నీటినే కదా!

నైట్రేటు ఎక్కడినుండి వస్తుంది? పొలంలో చల్లిన ఎరువునుండి, పశువుల పేడనుండి, మరుగుదొడ్డి గుంటలనుండి. మొక్క తీసుకోగా మిగిలినది వాన నీటితో కిందికి దిగుతుంది. అడవి ఉన్న నేల దీన్ని కొంత పట్టి ఉంచుతుంది. అడవి కొట్టి తోటలు, ఇళ్ళు వేసిన నేల అంతగా పట్టి ఉంచలేదు. పెద్దవాళ్ళు కొంతవరకు తట్టుకొంటారు. ఆరు నెలల లోపు పసిబిడ్డలకు, ముఖ్యంగా డబ్బా పాలు బావి నీటిలో కలిపి పట్టే బిడ్డలకు అది ప్రమాదం. రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ ఒళ్ళు నీలంగా మారుతుంది. దీన్ని 1945లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ హంటర్ కామ్లీ బయటపెట్టాడు. పల్లె ఇళ్ళనుండి వచ్చిన నీలి బిడ్డలను చూసి, లోపం బిడ్డల గుండెలో కాదు, వారి ఇంటి బావిలో ఉందని రుజువు చేశాడు. మన అమ్మలు గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటి ఇక్కడ ఉంది. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి గాని నైట్రేటు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ఈ దోషం ఎవరిది?

భాగవతంలో కాళీయుని కథ మన పిల్లలందరికీ తెలుసు. యమునలో ఒక మడుగు విషమయింది. ఆ నీళ్ళు తాగిన గోవులు, గోపబాలురు పడిపోయారు. విషానికి కారణం ఒక పాము. కృష్ణుడు దాని పడగలమీద నాట్యమాడి, మడుగు విడిచి సముద్రానికి పొమ్మని పంపివేశాడు. నీరు మళ్ళీ మంచిదయింది. ఆ కథ వింటుంటే మనసుకు హాయిగా ఉంటుంది, ఎందుకంటే దోషి ఎవరో అందులో స్పష్టంగా ఉంది. కెలంతాన్ బావిలో అటువంటి పాము లేదు. పిల్లలకు అన్నం పెట్టుకోవటానికి రెండు బస్తాల యూరియా చల్లిన రైతు ఉన్నాడు. స్తోమత కొద్దీ పెరటిలో మరుగుదొడ్డి గుంట తవ్వించుకొన్న ఇంటాయన ఉన్నాడు. చవకగా బియ్యం, కూరగాయలు కొనుక్కొన్న పట్టణవాసి ఉన్నాడు. వీరిలో ఎవరూ పసిబిడ్డకు హాని చెయ్యాలని అనుకోలేదు. పాపం అనే మాటకు చేసేవాడు ఉండాలి, చెయ్యాలన్న తలంపు ఉండాలి. తలంపు లేదు, చేతులు వేలకొద్దీ ఉన్నాయి. వేల చేతులకు పంచితే ఒక్కొక్కరి వాటా పాపం అనిపించనంత చిన్నది అవుతుంది. అలా పంచి పంచి చివరకు ఇది ఎవరి పాపమూ కాదని తేలుతుంది. ఆ మాట తేలిన తరువాత కూడా బిడ్డ తాగేది ఆ నీరే.

ఇది ఎవరో పరాయివారి సంగతి అని చదువరులు అనుకోవద్దు. మన మూలాలున్న నేలకు, హైదరాబాదు పక్కన పటాన్‌చెరుకు వెళదాం. అక్కడ దాదాపు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం ఉండేది. రోజుకు సుమారు 15 లక్షల లీటర్ల మురుగు అక్కడికి చేరేది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ఆ కేంద్రంనుండి శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఒక్క రోజులో ఆ నీటితో పోయిన మందు 40 కిలోలకు పైగా ఉంటుందని, 90 లక్షల జనాభా గల స్వీడన్ దేశమంతా ఐదు రోజుల పాటు వాడే మందుతో అది సమానమని వారు లెక్క కట్టారు. తరువాత 2009లో మరో పత్రం వచ్చింది. చుట్టుపక్కల ఆరు గ్రామాల బావుల నీరు పరీక్షిస్తే, మందులు లేని బావి ఒక్కటీ దొరకలేదు. అలర్జీకి వేసుకొనే సెట్రిజిన్, మానసిక వ్యాధికి ఇచ్చే సిటాలోప్రాం కూడా కొన్ని బావులలో తేలాయి. ఏ జబ్బూ లేని పల్లె మనుషులు చేదకు ఇన్ని మందులు తోడుకొని తాగారన్నమాట.

ఇక్కడ దోషి స్పష్టమే కదా, కంపెనీలే కదా అంటారు. వారి బాధ్యత పెద్దదే, సందేహం లేదు. అయితే ఇంకొక వరుస కూడా ఉంది. ఆ ప్రాంతపు మందులు ప్రపంచమంతా పోయాయి. చవకగా దొరికాయని ఎన్నో దేశాల ఆసుపత్రులు కొన్నాయి. జ్వరం తగ్గిందని ఎందరో తల్లులు దేవునికి దండం పెట్టుకొన్నారు. మన మందుల డబ్బాలో ఉన్న మాత్ర ఏ ఊరి బావి పక్కన తయారయిందో మనలో ఎవరం అడిగాం? మందు వేసుకోవటం పాపం కాదు. ప్రాణం నిలబెట్టుకోవటం ధర్మమే. మరి ఆ బావికీ మనకూ ఏ సంబంధమూ లేదా?

మూడో ఉదాహరణ నల్గొండ. తాగునీటిలో ఫ్లోరైడు వల్ల ఎముకలు చెడిపోయే జబ్బును 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా పల్లెలలో వైద్యులు గుర్తించి రాశారు. నల్గొండ పల్లెలలో నడివయసు రాకముందే నడుములు వంగిపోయిన మనుషులను, కాళ్ళు వంకర తిరిగిన పిల్లలను మన బంధువులలో చాలామంది కళ్ళారా చూసి ఉంటారు. ఆ ఫ్లోరైడును ఎవరూ తెచ్చి పోయలేదు. అది నల్లరాతి పొరలలో సహజంగా ఉంది. బోర్లు లోతుకు పోయేకొద్దీ బెడద పెరిగిందన్నది నిజమే గాని, రాయిలో అది ఉండటానికి మనిషి కారణం కాదు. ఇక్కడ పాపి అసలే లేడు. పాపి లేడు గనుక చెయ్యవలసిన వాడూ లేడు అని అందరూ ఊరుకొని ఉంటే ఏమయ్యేది? నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును పేర్చి తీసివేసే పద్ధతిని రూపొందించారు. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన మిషన్ భగీరథ ద్వారా నది నీరు ఆ ఊళ్ళకు చేరింది. 1937కూ 2016కూ నడుమ 79 ఏళ్ళు. అది ఒక మనిషి నిండు ఆయుష్షు.

ఈ మూడు చోట్లా పాపం అనే మాట సరిపోవటం లేదు. కెలంతాన్‌లో చేసినవారు లెక్కకు మించి ఉన్నారు. పటాన్‌చెరులో మేలు పొందినవారు ఎక్కడో దూరంగా ఉన్నారు. నల్గొండలో చేసినవారే లేరు. కొందరు ఇటువంటి చోట మరో మాట అంటారు, తాగినవారి ప్రారబ్ధం అని. తన కష్టాన్ని తాను ఓర్చుకోవటానికి మనిషి ప్రారబ్ధం అనుకోవచ్చు, అది అతనికి ఊరట. ఎదుటివాని కష్టాన్ని చూసి ఆ మాట అనటం మాత్రం చేతులు దులుపుకోవటమే.

మన శాస్త్రాలలో ఇంతకన్నా తగిన మాట ఉంది. అది ఋణం. మనిషి పుట్టుకతోనే ఋణస్థుడని వేదం చెప్పింది. మహాభారతం ఆదిపర్వంలో పాండురాజు ఋషులతో మాట్లాడుతూ నాలుగు ఋణాలు చెప్పాడు. దేవఋణం యజ్ఞంతో, ఋషిఋణం అధ్యయనంతో, పితృఋణం సంతానంతో, మనుష్యఋణం ఆనృశంస్యంతో తీరుతాయి. ఆనృశంస్యం అంటే సాటివారిపట్ల కఠినంగా ఉండకపోవటం, దయ.

పాపానికీ ఋణానికీ తేడా గమనించండి. పాపానికి తలంపు కావాలి, ఋణానికి అక్కరలేదు. తల్లి పాలు తాగిన బిడ్డ ఏ తలంపుతో ఋణపడింది? పొందితే చాలు, ఋణపడినట్లే. రెండవది, ఎవరి పాపం వారిదే, ఋణం మాత్రం వంశంలో దిగుతుంది. తండ్రి తీర్చని అప్పు కొడుకు తీర్చాలని ధర్మశాస్త్రం చెప్పింది. నేల నీటికి ఇది చక్కగా సరిపోతుంది. భూమి లోపల నీరు చాలా నెమ్మదిగా నడుస్తుంది, అనేక చోట్ల ఏడాదికి కొన్ని మీటర్లే. ఈ రోజు బావిలో తేలిన నైట్రేటు మన తండ్రుల కాలంలో చల్లినది కావచ్చు. మనం ఈ రోజు పోసినది మన మనుమల బావిలో తేలవచ్చు. చేసినవానినే పట్టుకొని అడగాలంటే అడగటానికి అతను ఉండడు.

మూడవది, ఋణానికి వడ్డీ ఉంది. ఇది అలంకారంగా చెబుతున్న మాట కాదు. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్ఛ్రీ అనే గ్రామంలో రసాయన కర్మాగారాల వ్యర్థాలు వానలకు నేలలోకి దిగి ఊరి బావులు పాడయ్యాయి. పాడుచేసినవారే బాగుచేసే ఖర్చు భరించాలని భారత సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు అమలు కాకుండా ఏళ్ళ తరబడి సాగదీశారు. చివరకు 2011లో అదే కోర్టు 37 కోట్ల రూపాయలకు పైగా అసలు, దానిమీద 1997 నుండి ఏటా 12 శాతం చక్రవడ్డీ చెల్లించాలని ఆదేశించింది. ఆలస్యం చేసినకొద్దీ అప్పు పెరుగుతుందని మన తాతలు చెప్పిన మాటే కోర్టు చెప్పింది. బావి చెప్పేదీ అదే. నైట్రేటు ఒక్క శాతం నేలలో ఉన్నప్పుడు చెయ్యగలిగిన పని 48 శాతానికి చేరాక అంత సులువు కాదు.

ఇక్కడ పెద్దలు ఒక ఆక్షేపణ చెప్పవచ్చు. అందరూ ఋణస్థులే అంటే అసలు దోషి తప్పించుకోడా? ఊరందరి అప్పు అంటే ఎవరూ తీర్చని అప్పే కదా? ఈ మాటలో బలం ఉంది. దానికి సమాధానం ఇది. తెలిసి విషం వదిలినవాడు పాపీ, ఋణస్థుడూ కూడా. అతనికి చట్టం శిక్ష వెయ్యాలి. మన ఋణం అతని శిక్షను తగ్గించదు. ఇక మిగిలినవారిలో ఎక్కువ లాభం పొందినవారి వాటా ఎక్కువ, ఎక్కువ తెలిసినవారి వాటా ఇంకా ఎక్కువ. బీద రైతుకన్నా ఎరువు అమ్మినవారిది, అమ్మినవారికన్నా ఫలితాలు బల్లమీద పెట్టుకొని ఊరుకొన్న అధికారులది. ఇలా వరుస కట్టుకొంటూ పోతే చివరికి మన వంతు కూడా వస్తుంది. ఆ వంతు చిన్నదే. చిన్న అప్పు తీర్చటం తేలిక గనుక ఎగవేయటానికి సాకు కూడా ఉండదు.

మరి మన వంతు ఎలా తీర్చాలి? తోటలలో పని చెయ్యటానికి వచ్చి బాగన్ దాతుక్ వంటి చోట్ల స్థిరపడిన మన ముందు తరాలు బావి నీరో, కాలువ నీరో, పట్టుకొన్న వాన నీరో తాగి బతికారు. ఎవరో తవ్విన బావి వారికి ప్రాణం పోసింది. మన తెలుగు సంప్రదాయంలో సప్తసంతానాలు అంటారు. కొడుకుతో సమానంగా చెరువు తవ్వించటాన్ని కూడా అందులో చేర్చారు. ఈ రోజు మనం చెరువులు తవ్వించలేకపోవచ్చు. ఉన్న నీటిని కాపాడటం మాత్రం మన చేతిలో ఉంది.

ఋషిఋణం చదువుతో తీరుతుంది. ఇంజనీరు, డాక్టరు కావాలని మన పిల్లలకు చెబుతున్నాం, మంచిదే. నేలను, నీటిని పరీక్షించే శాస్త్రం కూడా ఒక చదువేనని, పుత్ర మలేషియా, సైన్స్ మలేషియా వంటి విశ్వవిద్యాలయాలలో అది ఉందని వారికి చెప్పండి. కామ్లీ వంటి ఒక్క వైద్యుడు సరైన ప్రశ్న అడిగితే ఎందరు బిడ్డలు బతికారో చెప్పండి. చదువుకు సహాయం చేసే సంఘాలు ఈ విద్యార్థులను కూడా గుర్తుంచుకోవాలి.

మనుష్యఋణం దయతో తీరుతుంది. విద్యార్థులు ఇంటింటికీ వచ్చి బావి నీరు ఒక సీసాడు ఇమ్మని అడిగితే ఇవ్వండి. ఫలితం చెడ్డగా వస్తే స్థలం ధర పడిపోతుందని, ఊరికి చెడ్డపేరని జంకేవారు ఉంటారు. ఆ భయం అబద్ధం కాదు, నష్టం నిజంగా ఉండవచ్చు. కానీ ఒక పక్క స్థలం ధర, ఒక పక్క పొరుగింటి పసిబిడ్డ ఉన్నప్పుడు ఏది బరువో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఫలితం తెలిశాక దాచకుండా పొరుగువారికి చెప్పటం కూడా ఈ దయలో భాగమే.

ఇంటి పనులు కొన్ని ఉన్నాయి. సొంత బావి ఉన్నవారు ఏడాదికి ఒకసారైనా నీరు పరీక్ష చేయించండి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో పరీక్ష చెయ్యని బావి నీటితో డబ్బా పాలు కలపవద్దు. సెప్టిక్ ట్యాంకు నిండి పొర్లేదాకా ఆగకుండా వేళకు ఖాళీ చేయించండి. మిగిలిన మందులు సింకులో, టాయిలెట్లో పారబోయకండి. ప్రభుత్వ ఆసుపత్రుల ఫార్మసీలలో తిరిగి ఇవ్వవచ్చు. తోట పని సరదా ఉన్నవారు ఎరువు చారెడు తక్కువే వెయ్యండి, వాన వచ్చే ముందు అసలు వెయ్యకండి. ఆలయాలలో బావి ఉంటే దాని దగ్గర మురుగు నిలవకుండా చూడటం అర్చన ఎంతో అంత ముఖ్యం.

ఇవన్నీ చేస్తే కెలంతాన్ బావులు బాగుపడతాయా అని ఎవరైనా అడిగితే, వీటితోనే బాగుపడవు. అందుకు ప్రభుత్వాలు, కంపెనీలు, చట్టాలు కదలాలి. అవి కదలటానికి కాలం పడుతుంది. పటాన్‌చెరు ఫలితాలు 2007లో వెలువడితే, యాంటీబయాటిక్ కర్మాగారాల మురుగు గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు 2024లో వచ్చాయి. పదిహేడేళ్ళు పట్టినా అవి వచ్చాయంటే, ఎవరో కొందరు తమ వంతు ఋణం తీరుస్తూ పోవటం వల్లనే వచ్చాయి.

అరణ్యపర్వంలో యక్షుడు కాపలా కాసిన కొలను కథ మీకు తెలిసినదే. దాహంతో వచ్చిన నలుగురు తమ్ములకూ నా ప్రశ్నకు జవాబు చెప్పి నీరు తాగమని యక్షుడు చెప్పాడు. వారు బలవంతులు, వీరులు, కానీ ఆగలేదు. తాగి పడిపోయారు. ధర్మరాజుకూ దాహమే. అయినా ఆగి, ప్రశ్న విని, జవాబు చెప్పాడు. తాను బతకటమే కాక తమ్ములను కూడా బతికించుకొన్నాడు. ఈ రోజు ఆ ప్రశ్న అడుగుతున్నది సీసా చేత పట్టుకొని మన వాకిట నిలబడిన విద్యార్థి. ఈ నీరు ఎక్కడిది, ఇందులో ఏముంది, మీ తరువాత ఎవరు తాగుతారు అని అడుగుతున్నాడు. కాస్త ఆగి జవాబు చెబుదాం.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు. శుభం భూయాత్.